మా అరుణ మనిషిని నిలబెట్టింది

మా కోడలు అరుణ పరమపదించింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఒక పూట పట్టింది. ఇన్నాళ్ళూ ఆమె పేరు ఎక్కడ రాసినా ముందు చిరంజీవి అని చేర్చి రాసేదాన్ని. ఇవాళ కూడా చెయ్యి అలవాటుగా "చి" అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయింది. ఆ కాగితం పారెయ్యకుండా, కొట్టేసి, దాని కిందనే మళ్ళీ రాస్తున్నాను.

ఆ రోజు ఉదయం పెళ్ళివారి జాకెట్లు ఇచ్చి వస్తానని స్మృతి నగర్ వెళ్ళింది. "అత్తా, పప్పులో తాలింపు నేనొచ్చి ఏస్తాను, నివ్వు ముట్టుకోకు, ఉప్పెక్కువేసీస్తావు" అని గుమ్మంలోంచి అరిచి మరీ వెళ్ళింది. ఆ ఇంటివారి మెట్ల మీద కూర్చుని మంచినీళ్ళు అడిగిందట. నీళ్ళు తెచ్చేలోపు పక్కకి ఒరిగిపోయిందట. ఆసుపత్రికి చేరేసరికే గుండె ఆగిపోయిందన్నారు. ఫోనులో ఎవరో హిందీలో చెబుతున్నారు. నేను మాట్లాడకపోయేసరికి నాకు అర్థం కాలేదనుకుని మళ్ళీ మళ్ళీ అదే చెబుతున్నారు. అర్థం కాకేం, మొదటి మాటకే అర్థమైంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. వెళ్ళి గ్యాసు కట్టేశాను. ఆ క్షణాన నాకు చేతనైన పని అదొక్కటే.

నలభై దాటి ఎంతో కాలం కాలేదు ఆమెకి. డెబ్భై దాటిన నేను ఇక్కడ కూర్చుని ఆమె గురించి సంస్మరణ రాయడం విధి చేసిన వక్రమైన ఏర్పాటు. అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని. మన భిలాయి తెలుగువాళ్ళ ఈ పత్రికలో పెద్దలు రాసే మాటలన్నీ నాకు రావు. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

తెలియనివారి కోసం మొదటినుంచీ చెబుతాను. అరుణ నాకు కోడలు కాకముందు మేనకోడలు, విజయనగరం దగ్గర పల్లెలో ఉండే మా తమ్ముడి కూతురు. నా కొడుకు సింహాద్రికి చేసుకున్నాం. సింహాద్రి ఉక్కు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర, ఇనుము కరిగించే కొలిమి ముందు, పనిచేసేవాడు. వాళ్ళ కూతురు జాహ్నవి ఇంకా నడక కూడా నేర్వకముందే, మామూలు జ్వరమనుకున్నది తలకెక్కి నా కొడుకు చనిపోయాడు. ఆ తరవాత సెక్టర్ ఏడులో క్వార్టరు ఖాళీ చేసి, మా ఆయన బతికుండగా కోహ్కాలో కట్టిన ఈ రెండు గదుల ఇంటికి వచ్చేశాం. అత్త, కోడలు, మనవరాలు, ఒక కుట్టుమిషను. ఆ మిషనే మమ్మల్ని పోషించింది.

మీలో చాలామందికి ఆమె జాకెట్ల అరుణగానే తెలుసు. మీ ఒంటి మీద ఆమె కుట్లు ఇవాళ్టికీ ఉన్నాయి. కానీ ఆ మనిషి తన జీవితంలో చివరి కొన్నేళ్ళు దేనికోసం తపించిపోయిందో మీకు తెలియదు. అది చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

జాహ్నవికి మాటలు బాగా వచ్చిన కొత్తలో జరిగింది. గోడమీద వాళ్ళ నాన్న ఫోటో ఉంది కదా, గుర్తింపు కార్డు ఫోటోని పెద్దది చేయించినది, తలా భుజాలూ మాత్రమే ఉంటాయి. ఆ పిల్ల దానికేసి చాలాసేపు చూసి, బియ్యం చెరుగుతున్న నన్ను అడిగింది. నాన్నని ఇక్కడి హిందీ పిల్లల్లా పాపా అనేది.

"నానమ్మా, పాపాకి కాళ్ళు నేవేటి?"

"నోర్ముయ్యి. అవేం మాటలే?"

"మరి ఫోటోలో హై హీ నహీ కదా, కాళ్ళు కనపడ్డం నేదు."

నేను చేట దించలేదు. మిషను మీద ఉన్న అరుణ మాత్రం తొక్కడం ఆపేసింది. పెట్టె తీసి ఫోటోలన్నీ బయట పోసింది. పెళ్ళి ఫోటోల్లో సింహాద్రి పీటల మీద కూర్చుని ఉన్నాడు. క్వార్టరు ఖాళీ చేసింది వానల్లో కాబట్టి కొన్ని తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. నిలబడ్డ ఫోటో ఒక్కటే ఒక్కటి బాగుంది. అందులో కోటు వేసుకుని, చేతులు రెండూ తొడలకి ఆనించి, ఎవరో కేకేస్తే నిలుచున్నట్టు బిగుసుకుని ఉన్నాడు.

"ఇదిగో, కాళ్ళున్నాయి చూడు" అన్నాను పిల్లతో.

"అది బావ కాదత్తా," అంది అరుణ. "బావ ఎప్పుడైనా అలాగ నిలబడ్డాడా? పిల్లకి ఇది చూపిస్తే వాళ్ళ నాన్న కరెంటు స్తంభం అనుకుంటాది."

ఆ మధ్యాహ్నమే, కటింగుకి వాడే ఖాకీ కాగితం మీద టైలరు సుద్దతో ఆమె మొదటిసారి నా కొడుకుని గీయబోయింది. అది చూసి నేను నవ్వాను, ఆమె కూడా నవ్వింది. తరవాత ఆ కాగితాన్ని అటుతిప్పి ఎవరిదో జాకెట్టు కత్తిరించింది. కాగితం వృథా చెయ్యదు, అది నా దగ్గర నేర్చుకున్నదే. కానీ పట్టుదల మాత్రం వదల్లేదు. పిల్ల పెద్దదయ్యేలోపు దాని తండ్రిని ఆపాదమస్తకం, ఆయన నిలబడే తీరులో నిలబెట్టి చూపించాలి. ఆమెకి కావలసింది అంతే. ఇంకో కోరిక కోరగా నేను వినలేదు.

స్మృతి నగర్‌లో ఒక హాలు ఉంది. అక్కడ ఆదివారాలు ఒక డ్రాయింగు మాస్టరు బొమ్మలు నేర్పుతారు. బడిలో చేసి రిటైరైన మరాఠీ ఆయన. పిల్లల మధ్యలో ఈమె ఒక్కతే ముప్పై దాటిన విద్యార్థిని. మాస్టరుగారి భార్యకి జాకెట్లు కుట్టి పెట్టేది, ఆయన పాఠం చెప్పేవారు. నాకు ఆ ఏర్పాటు నచ్చింది.

మొదటి ఏడాది ఆమె గీసిన మనుషుల్ని చూస్తే ఎవరికైనా తెలిసిపోయేది, గీసింది దర్జీ అని. ముందుభాగం ఒక ముక్క, చేతులు రెండు ముక్కలు, చంక దగ్గర చెయ్యి సరిగ్గా జాకెట్టుకి అతికినట్టు అతికి ఉండేది. కొలతల్లో ఎక్కడా వెంట్రుక వాసి తేడా ఉండదు. మాస్టరుగారు కళ్ళజోడు పైకి తోసి, "అరుణాజీ, కపడా తో బహుత్ అచ్ఛా హై. ఆద్మీ కహాఁ గయా?" అన్నారట. బట్ట బాగా కుట్టావు, మనిషేడీ అని. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి తనే పడీపడీ నవ్వింది. ఆ సాయంత్రం అన్నం మాత్రం సరిగ్గా తినలేదు.

తరవాతి పాఠం బరువు గురించి. మనిషి నిలబడితే బరువు ఏ కాలిమీద పడుతోందో ముందు చూడాలట. అది తెలియకపోతే బొమ్మ గాల్లో తేలుతుందట. ఇక చూడండి మా ఇంట్లో అవస్థ. చక్కీ దగ్గర పిండి పట్టించుకునే వాళ్ళని, కూరగాయల బండి ముందు బేరమాడేవాళ్ళని, ఆటో కోసం నిలబడ్డవాళ్ళని రెప్ప వెయ్యకుండా చూసేది. పాలు పొంగిపోయినా చూసుకునేది కాదు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళని కావాలని కాసేపు నిలబెట్టేసేది. "టేపెక్కడ పెట్టానో, ఉండు వదినా" అనేది. టేపు ఆమె మెడలోనే వేలాడుతూ ఉండేది.

ఒకరోజు నన్ను పట్టుకుంది.

"అత్తా, ఓసారి నిలబడు."

"ఏటి, నాకు జాకెట్టు కుడతావా?"

"నేదు, ఊరకనే. కుడికాలు మీద బరువెయ్యి."

"ఏ కాలి మీదేస్తే ఏటే? రెండూ పీకుతున్నాయి."

"మరి పీకని కాలెక్కడ తెచ్చేది? సరే, తక్కువ పీకేదాని మీదెయ్యి."

పెన్సిలు చాచి పట్టుకుని ఒక కన్ను మూసి నన్ను కొలిచింది. తల ఎన్నిసార్లు పెడితే మనిషి పొడుగు అవుతుందో అలా చూస్తారట. పుస్తకంలో లెక్క ఒకటుందట, నేను ఆ లెక్కకి సరిపోలేదు. "నీకు తల పెద్దది, కాళ్ళు పొట్టి, అత్తా" అంది. "ఆ కాళ్ళ మీదనే నీ మొగుణ్ణి మోసి పెంచాను, గీయి" అన్నాను. ఆమె నవ్వుతూ గీసింది. అందులో నేను అచ్చం నాలాగే ఉన్నాను, చెంగు బొడ్లో దోపుకుని, ఎవరిమీదో కోపంగా. బొమ్మ గాల్లో తేలలేదు. ఆ కాగితం నేను దాచుకున్నాను.

బొమ్మలు గీసే బొగ్గు విషయంలో కూడా మా ఇద్దరికీ ఎప్పుడూ వాదనే. కొట్లో అమ్మే బొగ్గుపుల్లలు ఎందుకు, ఇస్త్రీపెట్టెలో బొగ్గు లేదా అన్నాను. ఆ బొగ్గు కాగితాన్ని చింపేసింది. అప్పుడు నేనే పెన్సిలంత సన్నని వేపపుల్లలు ఏరి, మూతున్న పాత డబ్బాలో పెట్టి, గాలి చొరకుండా మన్ను మెత్తి కుంపట్లో కాల్చి ఇచ్చాను. మాస్టరుగారు అవి చూసి తనకీ ఓ కట్ట పంపమన్నారు. చెరపడానికి బ్రెడ్డుముక్క మెదిపి వాడాలన్నప్పుడు మాత్రం నేను ఊరుకోలేదు. తినే వస్తువుతో తుడవడమేమిటి? ఎండిపోయిన అంచులు మాత్రం ఇచ్చేదాన్ని. ఆమె ఆ అంచులతోనే తుడిచి, తుడిచింది ఆవలకి పడేస్తే పిచ్చుకలు తినడానికి వచ్చి, నల్లగా ఉండటం చూసి వెళ్ళిపోయేవి. "చూడత్తా, నీ బ్రెడ్డు పిట్టలకీ పనికిరానేదు" అనేది.

ఆమె ఒక మాట అంటుండేది. "ఎవరి రెండు భుజాలూ సమానంగా ఉండవత్తా. జాకెట్లు కుట్టేవాళ్ళకి తెల్సును. పైకి చెప్పకూడదు, అంతే. కుట్లో సర్దీడమే." బొమ్మలు నేర్చుకున్నాక అదే మాట ఇంకోలా చెప్పేది. "కుట్టినప్పుడు వంకర దాచాల. గీసినప్పుడు దాచకూడదు. నాకు దాచడం అలవాటైపోయింది, అదే కష్టం."

మేము కొట్టుకున్నది ఆ భుజాల దగ్గరే. చెయ్యి తిరిగాక ఆమె మళ్ళీ సింహాద్రిని గీయడం మొదలుపెట్టింది. వాడి చొక్కాలన్నీ ఆమె కుట్టినవే. మెడ, చాతీ, చెయ్యి పొడుగు అన్నీ ఆమెకి కంఠస్థం. గీసేది, నాకు చూపించేది. నేను చూసి తల అడ్డంగా ఊపేదాన్ని. అబద్ధం చెప్పి సంతోషపెట్టడం నాకు చాతకాదు, ఆమె కూడా అది కోరలేదు.

"కొలతలన్నీ వాడివేనే. వాడు మాత్రం లేడు ఇందులో."

"నాకూ అలాగే ఉన్నాది. ఎక్కడ పోయాడో తెలవడం నేదు."

ఒకసారి ఎడమభుజం కొంచెం ఎత్తి గీసింది. నాకు ఒళ్ళు మండింది.

"నా కొడుకుని వంకర చేసీసావేటి? చిన్నప్పుడు వంగి కూర్చుంటే వీపు మీద చరిచి నిటారుగా పెంచాను వాణ్ణి."

"నివ్వు పెంచినప్పుడు నిటారే, అత్తా. నాకిచ్చినప్పటికి ఈ భుజం ఎత్తే. చొక్కా కుట్టినప్పుడల్లా ఇటుపక్క అర అంగుళం వదిలేదాన్ని."

"నాకు తెలీదా నా కొడుకు?"

"నీకు తెల్సు. నాకూ తెల్సు. ఇద్దరికీ తెల్సినోడు ఒకడేనా అన్నదే తెలవడం నేదు."

చాలా రోజులు ఆ బొమ్మ జోలికి ఇద్దరం పోలేదు. జాహ్నవి అప్పటికి పదో తరగతికి వచ్చేసింది. తల్లి ఏదో గీస్తూనే ఉంటుందని దానికి తెలుసు. ఎప్పుడైనా "అమ్మా, పాపా రెడీ అయ్యారా?" అని, ఎవరో చొక్కా గురించి అడిగినట్టు అడిగేది. అరుణ "ఇంకా నేదమ్మా" అనేది. ఆ జవాబు చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని.

అది తేలింది జిలేబీ బండి దగ్గర. కోహ్కా చౌరస్తాలో సాయంత్రం పూట ఒకాయన పెద్ద మూకుడు పెట్టి జిలేబీలు వేస్తాడు. జాహ్నవి పరీక్షలు అయిన రోజున తీసుకొద్దామని అరుణ వెళ్ళింది. వెళ్ళినామె ఎంతకీ రాదు. వచ్చేటప్పుడు జిలేబీలు లేవు, వగర్చుకుంటూ వచ్చింది.

"అత్తా! బావ మనకి ఎప్పుడూ ఎదురుగా నిలబళ్ళేదు!"

"ఏటే? జిలేబీలేవీ?"

"జిలేబీలు తరవాత. ఆ బండాయన్ని చూసాను. మంటకి ఎదురుగా నిలబడడు. పక్కకి తిరుగుతాడు. ఎడమభుజం మంటకి అడ్డం పెడతాడు, ముఖం భుజం వెనక దాస్తాడు. బరువంతా వెనక కాలిమీదుంటాది, ఏటైనా ఎగిరితే ఎనక్కి దూకడానికి. బావ ఫర్నేసు ముందర రోజంతా అలాగే కదా నిలబడేది! ఇంటికొచ్చినా అలాగే నిలబడేవోడు. నేను దర్జీదాన్ని, నాకు ముందూ వెనకా తప్ప పక్క తెలవదు. ఇన్నేళ్ళూ ముందునించే గీసాను."

అని, మా వంటింటి గుమ్మంలో నిలబడి చూపించింది. పక్కకి తిరిగి, ఎడమభుజం ఎత్తి, దాని మీదుగా నావైపు చూసి.

వాడు ఆ గుమ్మంలో, అంటే సెక్టర్ ఏడు క్వార్టరు గుమ్మంలో, సరిగ్గా అలాగే నిలబడేవాడు. డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చినప్పుడు నేను తిడుతుంటే భుజం నా వైపు పెట్టి, దాని వెనకనుంచి నవ్వుతూ, "ఫర్నేసు దగ్గరైనా ఇంత వేడి ఉండదే అమ్మా" అనేవాడు. ఎన్నిసార్లు చూసి ఉంటాను! వాణ్ణి తలుచుకున్నప్పుడల్లా ముఖమే తలుచుకున్నాను గాని, నిలబడ్డ తీరు నాలో ఎక్కడుందో నాకే తెలియలేదు.

"అది వంకర కాదత్తా," అంది అరుణ మెల్లిగా. "వేడి."

మర్నాడు ఆమె ఏ కుట్టుపనీ ముట్టలేదు. కోపంగా వచ్చినవాళ్ళని నేనే గుమ్మంలో ఆపి పంపేశాను. ఖాకీ కాగితాలు మైదా జిగురుతో అతికించి, మనిషి పొడుగు చేసి, గది తలుపుకి కొట్టింది. నిలబడి గీసింది. నేను మంచం మీద కూర్చుని చూస్తున్నాను. ముందు పాదాలు గీసింది. మామూలుగా అందరూ తల నుంచి మొదలుపెడతారట, మాస్టరుగారు తరవాత చెప్పారు. వెనక పాదం నేలలోకి దిగబడినట్టు, ముందు పాదం ఊరికే ఆనినట్టు. అక్కడినుంచి పైకి వెళ్ళింది. మోకాలు, నడుము, ఎత్తిన భుజం. మోచెయ్యి దగ్గరికి వచ్చేసరికి నాకు వాడు తెలిసిపోయాడు. ముఖం అప్పటికి ఇంకా లేదు. "వచ్చీసాడే" అన్నాను. ఆమె వెనక్కి తిరగలేదు. "మాటాడకత్తా, కదిలిపోతాడు" అంది.

మధ్యాహ్నం జాహ్నవి ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పుతూ తలెత్తి చూసింది. మేమిద్దరం దానికేసి చూస్తున్నాం. అరుణ చేతులు మోచేతుల దాకా నలుపు.

"అమ్మా," అంది. "పాపా ఇంతే పొట్టా?"

అరుణ ఒక్క క్షణం బిక్కచచ్చి, వెంటనే పకపకా నవ్వేసింది. "ఒలే, మీ నాన్న పొట్టి కాదు, నివ్వే ఎదిగిపోనావు. రా, పక్కన నిలబడు. ముట్టుకోకు, బొగ్గు రాలిపోద్ది."

ఆ పిల్ల వెళ్ళి పక్కన నిలబడింది. తల్లి దూరంగా వచ్చి చూసి, "భుజం దాటీసావు, చెవికాడికొచ్చావు" అంది. జాహ్నవి తండ్రి చేతి మీద తన చెయ్యి పెట్టబోయి, తగలకుండా కొంచెం ఎడంగా ఆపి, అలాగే పట్టుకుని నిలబడింది. ముందు నవ్వింది, తరవాత ఏడ్చింది. "హాఁ, పాపా. హలో పాపా" అంది, ఎవరో పరిచయం చేసినట్టు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ ఆదివారం మాస్టరుగారు ఇంటికి వచ్చి చూశారు. కళ్ళజోడు పైకి తోసి, "బాయాఁ కాన్ థోడా ఊపర్ హో గయా" అన్నారు. ఎడమ చెవి కొంచెం పైకి పోయిందని. అరుణ నాకేసి చూసింది. "వో కాన్ సహీ హై," అన్నాను నేను. "మైనే పైదా కియా హై." ఆ చెవి సరిగ్గానే ఉంది, కన్నది నేను అని. ఆయన రెండు చేతులూ జోడించి, కుర్చీ జరుపుకుని కూర్చుని టీ అడిగారు.

ఈ సంగతి ఎలాగో బయటికి పొక్కింది. మీలో కొందరు వచ్చారు, గుర్తుందా? ప్లాంటులో చేసి పోయిన మొగుడిని, చిన్నప్పుడే పోయిన కొడుకుని, ఊళ్ళో ఉండిపోయిన తల్లిని గీసి పెట్టమని. ఆమె ఎవరినీ కాదనలేదు. ఫోటో తెచ్చిస్తే పక్కన పెట్టేసి, "ముందు ఆయన ఎలాగ నిలబడేవోడో నిలబడి చూపించక్కా" అనేది. పెద్ద పెద్ద ఆడవాళ్ళు మా ముందుగదిలో తమ మగవాళ్ళలాగా నిలబడి చూపించి, సగంలో ఏడుపొచ్చి కూర్చుండిపోయేవారు. ఆమె తొందరపెట్టేది కాదు. మంచినీళ్ళిచ్చేది. "మళ్ళీ రేపు నిలబడుదువు" అనేది. ఆ బొమ్మలు కొన్ని పాదాల దగ్గర, కొన్ని నడుము దగ్గర ఆగి మా ఇంట్లో ఉన్నాయి. వాటిని పూర్తి చేసే చెయ్యి ఇక లేదు. ఎవరివి వారికి ఇస్తాను, వచ్చి తీసుకువెళ్ళండి. పాదాలున్నంతవరకు మీ వాళ్ళు నేలమీదే నిలబడి ఉన్నారు.

ఆమె పోయిన తరవాత పరామర్శకి వచ్చినవారిలో మాస్టరుగారు కూడా ఉన్నారు. నేనే అడిగాను. జాహ్నవి పక్కనే ఉంది.

"మాస్టర్జీ, మా అరుణని మీరు గీయండి. నిలబెట్టి గీయండి. పిల్ల చూసుకుంటుంది. ఇన్నేళ్ళు మీ ముందే కదా ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, ఝూఠ్ నహీ బోలూఁగా," అన్నారు. "మైనే హర్ ఇత్వార్ ఉస్కా కాగజ్ దేఖా. ఉస్కో కభీ నహీ దేఖా." అబద్ధం చెప్పను, ప్రతి ఆదివారం ఆమె కాగితం చూశాను, ఆమెను ఎన్నడూ చూడలేదు అని.

ఆయన్ని తప్పుపట్టను. మనందరమూ అంతే. ఆమె చేతిలోని జాకెట్టు చూశాం, టేపు చూశాం, బొమ్మ చూశాం. ఊరందరూ ఎలా నిలబడతారో చూసిన కళ్ళు ఆమెవి. ఆ కళ్ళతో ఆమెను చూసినవారు లేరు. చూడగలిగినది, గీయగలిగినది ఆమె ఒక్కతే. ఆమె పోయింది. మా ఇంటికి కలిగిన నష్టం నేను ఎంతని చెప్పను, ఏమని చెప్పను.

నాకు బొమ్మలు రావు. కాబట్టి మాటల్లో చెబుతాను. మన భిలాయి తెలుగువాళ్ళలో ఎవరికైనా, వాళ్ళ పిల్లల్లో ఎవరికైనా ఎప్పటికైనా ఆ విద్య అబ్బితే ఇది చదివి ప్రయత్నించండి.

అరుణ చామనచాయ. నా చెవి దాకా వచ్చేది, నేను వంగకముందు. ఒక్కచోట ఎక్కువసేపు నిలబడితే బరువు ఎడమకాలి మీద వేసేది. కుడికాలు ఖాళీగా ఉండేది కాదు. పొయ్యి దగ్గర నిలబడినా, గుమ్మంలో నిలబడి ఎవరితో మాట్లాడినా కుడిమడమ కొంచెం లేస్తూ పడుతూ ఉండేది, మిషను తొక్కుతున్నట్టే. ఆమెకి ఆ సంగతి తెలియదు. తల కుడివైపుకి ఒక పిసరు ఒరుగుతుంది, సూదిలోకి దారం ఎక్కించేటప్పటిలా. ఎడమచేతి చూపుడువేలూ బొటనవేలూ ఎప్పుడూ కలిసే ఉంటాయి, వాటి మధ్యలో ఏమీ లేకపోయినా. మెడ మాత్రం నిటారు. మొగుడు పోయినప్పుడు వంగలేదు, ఇల్లు మారినప్పుడు వంగలేదు, నేను నోరు చేసుకున్నప్పుడు అస్సలు వంగలేదు. ముందు పాదాలు గీయండి. ఆమె అలాగే గీసేది.

పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి దండం పెడితే వాళ్ళకి ఆయుక్షీణమని మావైపు నమ్మకం. అందుకని అరుణ పుట్టినప్పటినుంచీ ఎన్ని మంచి పనులు చేసినా దానికి నేను ఎప్పుడూ చేతులు జోడించలేదు. తల మీద చెయ్యి పెట్టి ఊరుకునేదాన్ని. ఇప్పుడు తగ్గడానికి దాని ఆయుష్షు ఏమీ మిగల్లేదు. కాబట్టి, అమ్మా అరుణా, మీ అత్త నీకు దండం పెడుతోంది.